రేవు గుంజకు కొట్టిన కొలబద్ద

హారో దీవి,
12 ఫిబ్రవరి 2016

అక్కకు,

అఖాతం అంతా మంచు కట్టి టపా పడవ రెండు రోజులుగా రాలేదు. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. అమ్మ పోయిన ఏడాది మనం ఫోన్లో అరుచుకున్నది ఈ జన్మకు చాలు. కాగితం మీదైతే కనీసం నువ్వు నా మాటకు అడ్డం రాలేవు.

నీ మరదలు మెర్ల్‌కు నడుం నొప్పి అలాగే ఉంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. పీతల తొట్లన్నీ కడిగి బోర్లించాం. మే నెల వస్తే గాని పీతలు పెంకు విడవవు, అందాకా నేను ఖాళీ. ఖాళీగా ఉంటే ఏం చేస్తాను, గట్టు కొలుస్తాను.

ఈ చలికాలం పడమటి గట్టు పదకొండు అడుగులు పోయింది. అమ్మ సమాధి నుంచి నీళ్ల అంచుకు ఇప్పుడు ఇరవై రెండు అడుగులే ఉంది. నాన్నకు ఎలాగూ సమాధి లేదు, ఆయన్ని తుఫాను ఎత్తుకుపోయింది. ఇంటి ముందు మనకు మిగిలింది అమ్మ ఒక్కతే. ఇంకో రెండు చలికాలాలు గడిస్తే ఆవిడా ఉండదు, ఆ పైన ఇల్లూ ఉండదు.

అందుకే రాళ్ల గోడ కావాలి. మే పందొమ్మిదిన మీ ఊళ్లోనే తీర బోర్డు బహిరంగ విచారణ. అధ్యక్షుడు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు: అలలు గట్టును కోస్తున్నాయంటే గోడ కట్టిస్తారు. నీళ్లే పెరుగుతున్నాయంటే గోడ దండగ, ఇళ్లు కొనేసి మమ్మల్ని ఒడ్డుకు తోలేస్తారు. నీళ్లు పెరుగుతున్నాయి, అది ఎప్పుడో తేలిపోయిన శాస్త్రం అని మీ ఆటుపోట్ల ఆఫీసు అంటోంది. తేలిందో మునిగిందో నాకు తెలియదు గాని, నా దగ్గర నాన్న పుస్తకం ఉంది.

నాన్న 1971లో రేవు గుంజకు కొలబద్ద కొట్టి, రోజూ పగటి పోటు నిండినప్పుడు నీళ్లు ఎక్కడికొచ్చాయో రాసిపెట్టాడు. ఆయన పోయాక నేను రాస్తున్నాను. మొదటి ఏడాది సగటు రెండు అడుగుల నాలుగు అంగుళాలు. పోయిన ఏడాదీ అంతే. నలభై అయిదేళ్లలో అంగుళం తేడా లేదు.

అయిదు పుస్తకాలూ పంపుతున్నాను. నీ ఆఫీసు కాగితం మీద టైపు చేసి, నీ సంతకం పెట్టి బోర్డుకు ఇవ్వు. ఇరవై ఆరేళ్లుగా నీళ్లు కొలుస్తున్నదానివి. నీ సంతకం ఉంటే కాదనేవాడు ఉండడు.

ఇక్కడ గాలికి కిటికీలు ఊడిపోతున్నాయి, ఆపుతున్నాను.

నీ తమ్ముడు,
ఆస్‌బరీ


పోర్ట్ హాలెట్,
1 మార్చి

ఆస్‌బరీకి,

పుస్తకాలు చేరాయి. తడవకుండా నూనెగుడ్డలో చుట్టింది మెర్లే అయ్యుంటుంది, నీకు అంత ఓపిక లేదు. నాన్న చేతిరాత చూసి కాసేపు ఏడ్చాను. 1978లో ఆయన చెయ్యి తెగిన వారం నేను రాసిన కోడిగీతలు కూడా ఉన్నాయి. పదకొండేళ్ల పిల్లను రేవు మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు చదివించాడు. ఇవాళ నేను తింటున్న తిండి ఆ వారం పెట్టిన భిక్షే.

ఇక నీ పని. టైపు చేయను. సంతకం అసలే పెట్టను. నువ్వు కూడా ఆ పుస్తకాలు విచారణకు తేవద్దు.

ఎందుకని అడగకు. చెబితే నీకు బాధ, నిన్ను బాధపెడితే నాకు పాపం. ఇందులో కొన్ని లెక్కలున్నాయి, అవి నీకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాదు. అక్క మాట మీద గౌరవముంటే ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టుకో.

ఇల్లు కొంటామంటున్నారు కదా, అమ్మేసి రా. ఇక్కడ మెర్ల్ నడుముకు డాక్టరుంటాడు. అమ్మను కూడా తెచ్చుకుందాం. మా వీధి చివరి శ్మశానంలో ఎత్తయిన చోటుంది, సముద్రపు గాలి కాకపోయినా మంచి గాలే వస్తుంది. గట్టు పోయేదాకా కూర్చుని అంగుళాలు లెక్కపెట్టడం కంటే అది నయం.

మా ఇంటి యజమానురాలు మళ్లీ పిల్లిని తెచ్చింది. ఇది నాలుగోది. నాకు తుమ్ములు మొదలయ్యాయి. పుస్తకాలు టపా పడవ కెప్టెన్ చేత రేపే పంపుతున్నాను.

మంచి కోరే అక్క,
రోవెనా


హారో దీవి,
9 మార్చి

మంచి కోరే అక్కకు,

పుస్తకాలు అందాయి, నీ గౌరవం కూడా అందింది. నాకు అర్థమయ్యేలా చెప్పడం నీ వల్ల కాదా? పద్నాలుగో ఏట బడి మానేసి పడవెక్కింది ఎవరి ఫీజుల కోసమో ఒకసారి గుర్తు చేసుకో. ఆ ఫీజులతో చదివి వచ్చి, నీకు లెక్కలు రావురా తమ్ముడూ అంటున్నావు.

నీ భయం నాకు తెలుసు. నాన్న చేతిరాత ముందు మీ ఆఫీసు యంత్రాలన్నీ వెలవెలబోతాయి, అదీ నీ బాధ. మూడో తరగతి దాకా చదివిన మనిషి బోర్లా పడుకుని రాసినదాన్ని చూసి పెద్ద చదువులవాళ్లకు చెమటలు పడుతున్నాయి.

నువ్వు కాదంటే లోకం గొడ్డుపోలేదు. నగరం నుంచి థార్న్‌బీ అనే ఆయన వచ్చాడు. శాస్త్రం ఇంకా తేలలేదు, తేలిందనేవాళ్లు మనల్ని భయపెట్టి బతుకుతున్నారు అని ఊరూరా చెప్పే సంఘం ఒకటుంది, దాని మనిషి. మెర్ల్ చేసిన పీత వడలు తొమ్మిది తిన్నాడు. పుస్తకాల ప్రతి పేజీకీ ఫొటో తీసుకున్నాడు. రేడియోలో నన్ను మాట్లాడిస్తానన్నాడు. "మీలాంటి మట్టి మనిషి నోట రావాలండీ ఈ మాట," అన్నాడు. మట్టే లేని చోట నేను మట్టి మనిషినట. నవ్వొచ్చింది.

అమ్మ జోలికి రాకు. ఆవిడ ఒడ్డు ఊళ్లో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. నీ పెళ్లికి వచ్చి, తెల్లారేలోపే నన్ను లేపి పడవెక్కింది. పెళ్లీ అంతసేపే నిలిచిందిలే, అది వేరే సంగతి.

గోడ వస్తుంది. వచ్చాక నువ్వూ వచ్చి దాని మీద కూర్చో.

ఆస్‌బరీ


పోర్ట్ హాలెట్,
30 మార్చి

రేడియో వీరుడికి,

విన్నాను. నేనొక్కదాన్నే కాదు, ఆఫీసంతా విన్నది. కాఫీ గదిలో పెట్టుకుని మరీ విన్నారు.

శాస్త్రం తేలిందా లేదా అని ఆ థార్న్‌బీ అడిగితే, "తేలడానికి అదేమైనా చచ్చిన చేపా?" అన్నావు. బాగుంది, నేనూ నవ్వాను. అక్కడితో ఆగవచ్చు కదా. మీ సొంత అక్కే అవతలి పక్షం కదండీ అని ఆయన అనగానే నువ్వేమన్నావు? "మా అక్క తలుపున్న ఇంట్లో ఉన్న మొగుణ్ణే ఆపలేకపోయింది, సముద్రం సంగతి ఆవిడకేం తెలుసు," అన్నావు. ఆయన పగలబడి నవ్వాడు. కాఫీ గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ కప్పుల్లోకి చూసుకున్నారు. ఇరవై ఆరేళ్లు పనిచేసిన చోట నన్ను అలా నిలబెట్టావు.

నీకో మాట చెబుతాను. ఫీజుల కోసం బడి మానలేదు నువ్వు. రెండుసార్లు తప్పావు. నాన్నే వెళ్లి పేరు కొట్టించుకొచ్చాడు, మొహం చెల్లక. ఆ సంగతి నీకు చెప్పవద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. ఇన్నాళ్లూ నిలబెట్టుకున్నాను. ఇక ఎందుకు?

ఇంకో సంగతి. విచారణలో మా ఆఫీసు తరఫున ఎవరు మాట్లాడాలని వెతుకుతున్నారు. దీవిలో పుట్టిన మనిషైతే బాగుంటుందని నన్ను అడిగారు. నెల రోజులుగా కుదరదు అంటూ వచ్చాను. రేడియో విన్న మర్నాడు సరే అన్నాను.

ఏప్రిల్ ఇరవైలోగా బోర్డు సాక్ష్యాల జాబితాలోంచి పుస్తకాలు వెనక్కి తీసుకో. ఇదే చివరిసారి చెప్పడం.

రోవెనా వాడెల్
(మొగుడి పేరు ఎప్పుడో తీసేశాను, రేడియోలో చెప్పడం మరిచావు)


హారో దీవి,
8 ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం మెర్ల్ చదివింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మాట నోరుజారి వచ్చింది. ఆ గదిలో గాజుకు అటువైపు నలుగురు కూర్చుని నవ్వుతుంటే మనిషికి ఒళ్లు తెలియదు. అంతకంటే నా చేత ఏమీ అనిపించకు, చేతకాదు.

బడి సంగతి నాకు ముందే తెలుసు. తప్పినవాడికి తెలియదా?

పుస్తకాలు వెనక్కి తీసుకోను. ఇక్కడ నూట అరవై మందిమి మిగిలాం, అందరూ వాటి మీదే ఆశ పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో పాస్టరు ఆ అయిదింటినీ బల్ల మీద పెట్టి ప్రార్థన చేయించాడు. ముసలి ఎఫీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ మొగుడూ ఇద్దరు కొడుకులూ పడమటి గట్టు మీదే సమాధుల్లో ఉన్నారు, మన అమ్మకు నాలుగిళ్ల అవతల.

నువ్వు ఆఫీసు తరఫున మాట్లాడతానంటే మాట్లాడు, అది నీ కూడు. నన్ను తిట్టు, తింగరివాడను, చదువురానివాడను. గట్టు గురించి అడుగు, పీతల గురించి అడుగు. పుస్తకం జోలికి మాత్రం రాకు. ఎవరూ అడగకపోతే అది అలా బల్ల మీద ఉండిపోతుంది, పని అయిపోతుంది. నేను నీ దగ్గర ఏదీ అడిగి ఎరగను. ఇది అడుగుతున్నాను.

చలిగా ఉంటుందట ఆ హాలు. కోటు తెచ్చుకో.

నీ తమ్ముడు


హారో దీవి,
24 మే

అక్కకు,

నువ్వూ అక్కడే ఉన్నావు, అన్నీ చూశావు. అయినా కుర్చీలోంచి ఎలా కనిపించిందో నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. ఇటు థార్న్‌బీ మనుషులు, అటు మీ ప్రొఫెసర్ల పిల్లకాయలు. రెండు గంటలు ఒకరినొకరు తిట్టుకున్నారు. శాస్త్రం తేలింది అని ఒకరు, తేలలేదు అని ఒకరు. ఇద్దరి నోటా హారో దీవి పేరు ఒక్కసారి రాలేదు. మా ఊరి నుంచి వచ్చిన నలభై మంది వెనక బెంచీల్లో పెళ్లిలో పిలవని చుట్టాల్లా కూర్చున్నారు.

నన్ను పిలిచారు. బైబిల్ మీద చెయ్యి పెట్టించారు. అధ్యక్షుడు పుస్తకాలు తిరగేసి, ఇంత శ్రద్ధగా రాసిన లెక్క నేను చూడలేదు అన్నాడు. పక్కనున్న ఇద్దరూ తల ఊపారు. ఆ నిమిషంలో గోడ వచ్చేసిందక్కా. రాళ్లు కళ్లకు కనిపించాయి.

అప్పుడు నువ్వు లేచావు.

"మిస్టర్ వాడెల్, మీ రేవును ఎన్నిసార్లు ఎత్తు చేశారు?" అన్నావు.

మిస్టర్ వాడెల్. ఒక్క కడుపున పుట్టినదానివి. మూడుసార్లు అన్నాను.

"ఎత్తు చేసినప్పుడు కొలబద్ద ఎక్కడుంది?"

నీ మొహంలోకి చూశాను. నువ్వు కాగితాల్లోకి చూస్తున్నావు. బైబిల్ ఇంకా నా చేతి పక్కనే ఉంది. "రేవు చెక్కకి ఆనించి కొట్టడం మా నాన్న పద్ధతండి. రేవుతో పాటు అదీ పైకొచ్చింది," అన్నాను.

"అంటే నీళ్లు ఎంత పెరిగితే మీరు కొలబద్దను అంత పైకి జరిపారు."

అంతే, హాలు నవ్వులతో పగిలిపోయింది. మీ పిల్లకాయలు బెంచీలు చరిచారు. థార్న్‌బీ మనుషులు కూడా నవ్వారు, అది నువ్వు చూడలేదు. ఆ నవ్వు వీడియో మెర్ల్ మేనకోడళ్ల ఫోన్లన్నిటికీ వచ్చింది. కింద ఏం రాశారో తెలుసా? దేశంలోకెల్లా తెలివైన జాలరి అని. నాన్న ఫొటో ఎక్కడ దొరికిందో అది కూడా పెట్టారు. థార్న్‌బీ నన్ను కారులో తెచ్చాడు, పోయేటప్పుడు కనిపించలేదు. పడవ దాకా నడిచాను. నిన్న అతనే రేడియోలో, ఆ జాలరి మమ్మల్ని మోసం చేశాడు అన్నాడు.

బోర్డు నాలుగు ఓట్లకు ఒకటిగా తేల్చింది. గోడ లేదు. ఇళ్లు కొంటారు.

ఇప్పుడు విను. కొలబద్ద జరిగిందని నాకు తెలుసు. చివరిసారి ఎత్తింది నేనే కదా, అయిదు అంగుళాలు. అంతకుముందు రెండుసార్లు నాన్న ఎత్తాడు. మొదటిసారి ఆలోచించకుండా కొట్టాడు, అలవాటు కొద్దీ. వారం పోయాక తెలిసింది. కిందికి దించుదామా నాన్నా అంటే, "ఉండనీరా, ఈ అంకె చూసుకుంటే రాత్రి నిద్ర పడుతుంది," అన్నాడు. ఊరందరికీ తెలుసు. మా చర్చి మెట్లు రెండు నీళ్లలోకి పోయాయి, మాకు తెలియదా? రోజంతా నీళ్లలో నిలబడి బతికేవాళ్లకు నీళ్లు పెరిగాయని ఆఫీసులోంచి చెప్పాలా?

నిజం చెబితే గోడ ఇవ్వం అన్నారు. అబద్ధం చెబితే ఇస్తామన్నారు. వాళ్లు అడిగింది ఇచ్చాను. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా? నువ్వు నన్ను మూర్ఖుడనుకున్నావు. అమాయకుడు, చెబితే బాధపడతాడు అనుకున్నావు. అందుకే ఎక్కువ కోపం రావడం లేదు. తెలియక చేశావు.

తెలియక చేశావనే ఊరందరికీ చెబుతున్నాను. ఎఫీ నమ్మడం లేదు.

ఆస్‌బరీ


పోర్ట్ హాలెట్,
2 జూన్

తమ్ముడూ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. చివరికి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, అబద్ధాలు రాసేంత తెలివి నాకు లేదు.

నాకు తెలుసు. పుస్తకాలు తెరిచిన మొదటి సాయంత్రమే కనిపించింది. 1984 అక్టోబరులో ఒక్క రోజులో నీళ్లు నాలుగు అంగుళాలు తగ్గాయి. అలా మూడు చోట్ల. అప్పటికి మీరెవరూ గమనించలేదనే అనుకున్నాను. నాన్న పరువు పోతుందని భయపడి నీకు చెప్పలేదు, ఇది నిజం.

కానీ ఏప్రిల్‌లో నువ్వు పుస్తకం జోలికి రావద్దని రాశావు. ఏమీ తెలియనివాడు అలా రాయడు. నీకు తెలుసని ఆ వాక్యంతోనే నాకు తెలిసింది. ఎందుకు చేస్తున్నావో కూడా తెలిసింది. నా సంతకం ఎందుకు అడిగావో కూడా. నలభై అయిదేళ్ల అబద్ధానికి నా చేత ముద్ర వేయించాలనుకున్నావు. బయటపడితే నా ఉద్యోగం పోయేది, అది నువ్వు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

అయినా ఊరుకుందామనే వచ్చాను హాలుకి. ఒట్టు. నేను అడగకపోతే ఎవరూ అడిగేవారు కారు, మా ప్రొఫెసర్లు ఆ పుస్తకాలు తెరిచి కూడా చూడలేదు. మాట్లాడాల్సిన కాగితాల్లో ఆ ప్రశ్న లేదు. నీళ్లు పెరుగుతున్నాయని చెప్పి కూర్చోవచ్చు. బోర్డు ఎటూ నీవైపే ఉంది.

నువ్వు కుర్చీలో కూర్చుని, అధ్యక్షుడు మెచ్చుకున్నప్పుడు, రేడియోలో నవ్విన ఆ మనిషి మొదటి వరసలో ఉండి నీకు కన్ను కొట్టాడు. నువ్వు నవ్వావు. ఆ నవ్వు చూసి లేచాను. శాస్త్రం కోసం కాదు. శాస్త్రం మనం పుట్టకముందే తేలింది, దానికి నా సాయం అక్కర్లేదు. బైబిల్ మీద చెయ్యి పెట్టాక నువ్వు అబద్ధం చెప్పలేవని తెలిసే అడిగాను. నీ నవ్వు పోవాలని అడిగాను, పోయింది.

మర్నాడు ఆఫీసువాళ్లు నాకు కేకు కోశారు. దాని మీద అల బొమ్మ వేయించారు.

నన్ను తిట్టు. ఎఫీ దగ్గరికి నేనే వస్తాను, ఆవిడ కొట్టినా పడతాను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. అమ్మను నాకు ఇవ్వు. మా వీధి చివర చోటు కొన్నాను, రాయి మీద పేరు కూడా చెక్కించాను. మిగతావన్నీ నేనే పోగొట్టాను, అది మాత్రం నన్ను చేయనివ్వు. తుఫానుల కాలం రాకముందే చేద్దాం. ఏ రోజు అంటే ఆ రోజు పడవ మాట్లాడుకుని వస్తాను. నువ్వు ఎదురుపడక్కర్లేదు.

జవాబు రాయి. తిట్టయినా సరే.

నీ అక్క,
రోవెనా


19 సెప్టెంబర్

రోవెనా గారికి,

జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మీరు రాసిన ఏడు ఉత్తరాలూ అందాయి. నేను ఎవరికీ ఉత్తరాలు రాయడం లేదు. ఇది కూడా మా ఆవిడ బలవంతం మీద రాస్తున్నాను, మీకు సంగతి తెలియడం ధర్మమని ఆవిడ అంటోంది.

మేము దీవి ఖాళీ చేశాం. లోపలి ఊళ్లో రెండు గదుల్లో ఉంటున్నాం. నాకు కోళ్ల ఫ్యాక్టరీలో పని దొరికింది, గొలుసుకు వేలాడుతూ వచ్చే కోళ్లకు కాళ్లు కోయాలి. మా ఆవిడకు డాక్టరు దొరికాడు. ఎఫీ గారు జూలైలో వాళ్ల మనవరాలి ఇంట్లో పోయారు. మీరు వస్తారని నేను ఆవిడతో చెప్పలేదు.

ఆగస్టు మొదటి వారంలో ప్రభుత్వం తరఫున ఒక అమ్మాయి సమాధుల లెక్కకు వచ్చింది. ప్రతి సమాధికీ ఒక కాగితం. ఎక్కడికి తరలించాలో చెబితే వాళ్ల ఖర్చుతో తరలిస్తారు, వద్దంటే ఉన్నచోటే వదిలేస్తారు. సంతానం అందరూ సంతకం పెట్టాలి, ఒక్కరు కాదన్నా తరలింపు ఆగుతుంది. అమ్మాయి మంచిది, తొందరపెట్టలేదు. గట్టు మీదే కూర్చుని రాశాం. వేసవి గాలివానలకు గట్టు ఇంకా తెగి, అప్పటికి నీళ్లు రాయికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి.

మా అమ్మను కదిలించవద్దని రాశాను. ఈ నెల మూడో తేదీ తుఫానులో గట్టు పోయింది. ఆ పక్క ఏడు సమాధులు పోయాయి. వెతికారు, రెండు దొరికాయి. వాటిలో మా అమ్మ లేదు.

ఆ కాగితంలో చివర ఒక గడి ఉంది. చనిపోయినవారికి ఇంకెవరైనా పిల్లలున్నారా అని. ఆ అమ్మాయి కలం పట్టుకుని నా మొహంలోకి చూసింది. లేరు, నేనొక్కణ్ణే అన్నాను. పాపం అని నా చెయ్యి నిమిరి, అలాగే రాసుకుంది.

ఆస్‌బరీ వాడెల్